నిలిపి ఉంచిన పాత కార్లలో ఐడ్లింగ్ లోపం

చాలా కాలం నడపకుండా నిలిపి ఉంచిన పాత కారును తిరిగి స్టార్టు చేసినప్పుడు ఇంజను నిలకడగా తిరగకపోవడాన్ని ఐడ్లింగ్ లోపం అంటారు. ఇంజను వణకడం, ఒక్కొక్క చుట్టు తప్పినట్లు ఆగి ఆగి తిరగడం, యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే ఆగిపోవడం, సైలెన్సరు నుండి పట్టుపట్టుమని శబ్దం రావడం దీని ముఖ్య లక్షణాలు. మెకానిక్ షెడ్లలో దీనిని 'మిస్సింగ్' అనీ, 'ఇంజను మిస్ కొడుతోంది' అనీ వ్యవహరిస్తారు. ఇది ఒక్క కారణం వలన కలిగే లోపం కాదు. పెట్రోలు, గాలి, నిప్పురవ్వ, సిలిండరులోని ఒత్తిడి, ఈ నాలుగింటిలో ఏది సరిగా లేకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. అందువలన కారణాన్ని ఒక క్రమ పద్ధతిలో వెదకవలసి ఉంటుంది. ఆ క్రమం పాటించక తొందరపడి ఇంజను హెడ్డు విప్పించి, చివరకు లోపం ఒక చిన్న జెట్టులో ఉన్నట్లు తెలుసుకోవడం పాత కార్ల విషయంలో తరచుగా జరిగేదే.

ఈ వ్యాసంలో ముఖ్యంగా కార్బొరేటర్ గల పెట్రోలు కార్ల గురించి, కర్నూలు జిల్లా పత్తికొండ వంటి పొడి వాతావరణం గల ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని వివరించడం జరిగింది.

నేపథ్యం

స్వతంత్ర భారతదేశంలో చాలా కాలం మూడు రకాల కార్లు మాత్రమే విరివిగా కనిపించేవి. హిందుస్తాన్ మోటార్స్ వారి అంబాసిడర్ 1957లో మొదలై 2014 మే నెల వరకు పశ్చిమ బెంగాల్ లోని ఉత్తరపారాలో తయారయింది. ఇటలీ ఫియట్ 1100 ఆధారంగా బొంబాయిలో తయారయిన కారు తరువాత ప్రీమియర్ పద్మిని అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. 1983 డిసెంబరులో మారుతి 800 రంగప్రవేశం చేసి 2014 జనవరి వరకు ఉత్పత్తిలో ఉన్నది. 1489 ఘన సెంటీమీటర్ల అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకు, 1089 ఘన సెంటీమీటర్ల పద్మిని ఇంజనుకు నాలుగేసి సిలిండర్లు ఉంటాయి. 796 ఘన సెంటీమీటర్ల మారుతి 800 ఇంజనుకు మూడు సిలిండర్లే ఉంటాయి. మారుతి 800 తరువాతి నమూనాలలో కార్బొరేటర్ స్థానంలో పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది.

ఇటువంటి కార్లు నేటికీ అనేక ఊళ్ళలో పశువుల కొట్టాల పక్కన, రేకుల షెడ్లలో, చెట్ల కింద నిలిచి ఉన్నాయి. ఉద్యోగ రీత్యా పిల్లలు బెంగుళూరుకో హైదరాబాదుకో వెళ్ళినప్పుడు, ఇంటి పెద్ద మరణించినప్పుడు, లేదా కొత్త కారు కొన్నప్పుడు పాత కారును అమ్మబుద్ధి కాక అలా ఉంచేస్తారు. 2020 మార్చి 25న కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన తరువాత నడుస్తున్న కార్లు సైతం నెలల తరబడి నిలిచిపోవడంతో ఈ సమస్య చాలామందికి అనుభవంలోకి వచ్చింది.

ఐడ్లింగ్ అనగా ఏమి?

యాక్సిలరేటర్ తొక్కకుండా, గేరు వేయకుండా ఇంజను తనంతట తాను తిరగడమే ఐడ్లింగ్. సాధారణంగా పాత పెట్రోలు ఇంజన్లు ఈ స్థితిలో నిమిషానికి 700 నుండి 900 చుట్లు తిరుగుతాయి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. నిమిషానికి 800 చుట్ల వేగంలో ఒక్కొక్క సిలిండరు 400 సార్లు, నాలుగు సిలిండర్లూ కలిసి 1600 సార్లు మండుతాయి. అనగా ఒక మంటకూ మరో మంటకూ మధ్య వ్యవధి సెకనులో 27వ వంతు మాత్రమే. నాలుగింటిలో ఒక సిలిండరు పని చేయకపోతే శక్తిలో నాలుగవ వంతు పోవడమే కాక, ఇంజను లయ కూడా తప్పుతుంది. వేగంగా తిరిగేటప్పుడు బరువైన ఫ్లైవీలు ఈ లోటును కొంత కప్పిపుచ్చుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు అలా కప్పిపుచ్చలేదు. అందువలననే రోడ్డు మీద బాగానే పరుగెత్తే కారు ఐడ్లింగ్‌లో వణుకుతుంది.

ఐడ్లింగ్‌లో కార్బొరేటర్ లోని థ్రాటిల్ రెక్క దాదాపు పూర్తిగా మూసుకొని ఉంటుంది. అప్పుడు ప్రధాన జెట్టు పని చేయదు. పెట్రోలు ఐడిల్ జెట్టు అనే సన్నని రంధ్రం ద్వారా మాత్రమే వస్తుంది. ఈ రంధ్రం వ్యాసం సుమారు అర మిల్లీమీటరు, అంతకంటె తక్కువ కూడా ఉంటుంది. కార్బొరేటర్ లోని దారులన్నింటిలో మొదట పూడిపోయేది ఇదే. పైగా థ్రాటిల్ రెక్క మూసుకొని ఉన్నందున దాని దిగువన ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పీడనం బాగా తగ్గుతుంది. ఎక్కడ చిన్న పగులు ఉన్నా బయటి గాలి అందులోకి చొరబడుతుంది.

నిల్వ కాలంలో జరిగే మార్పులు

పెట్రోలు: పెట్రోలు ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. వీటిలో తేలికైనవి ముందు ఆవిరైపోతాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అంటుకోవడానికి తోడ్పడేవి అవే. మిగిలినవాటిలో కొన్ని గాలిలోని ప్రాణవాయువుతో కలిసి జిగురుగా మారుతాయి. కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు వేసవిలో కొద్ది వారాలకే ఆవిరైపోయి అడుగున వార్నిషు వంటి పొర మిగులుతుంది. పాడైన పెట్రోలు ఘాటు తగ్గి, పుల్లని పాత రంగు డబ్బా వంటి వాసన వస్తుంది. రంగు ముదురుతుంది.

ఇథనాలు: ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలలో 2003లో 5 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైనది. 2022 నాటికి దేశం సగటున 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో బెంగుళూరులో ఆరంభమైన 20 శాతం మిశ్రమం 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాలు నీటిని పీల్చుకొంటుంది. నీరు హద్దు మీరినప్పుడు ఇథనాలు, నీరు కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పెట్రోలు తీసుకొనే గొట్టం ఉండేది కూడా అడుగుననే. ఇథనాలు పాత ట్యాంకు గోడలకు అంటిన మడ్డిని కరిగించి ఫిల్టరులోకి తెస్తుంది. దానిని తట్టుకొనేలా తయారు కాని పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, మెత్తబడతాయి.

రబ్బరు భాగాలు: పెట్రోలు పంపు లోని పొర, వాక్యూమ్ గొట్టాలు, బ్రేకు బూస్టరు గొట్టం, డిస్ట్రిబ్యూటరు వాక్యూమ్ పొర మొదలగునవి వేడికి గట్టిపడి పగులుతాయి.

విద్యుత్ భాగాలు: డిస్ట్రిబ్యూటరు లోని పాయింట్ల ముఖాల మీద కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. కరెంటు పారడానికి ఆ మాత్రమే అడ్డు చాలు. బ్యాటరీ తనంతట తాను డిస్చార్జి అవుతుంది. వేడి ఎక్కువైన కొద్దీ ఇది త్వరగా జరుగుతుంది.

సిలిండర్లు, వాల్వులు: ఇంజను ఆగినప్పుడు కొన్ని వాల్వులు తెరుచుకొనే ఉంటాయి. ఆ సిలిండర్లలోకి గాలి, తేమ చేరి గోడలకు, వాల్వు సీట్లకు తుప్పు పడుతుంది. జిగురు పట్టిన వాల్వు కాడ గైడులో బిగుసుకొని పూర్తిగా మూసుకోకపోవచ్చు. పిస్టను రింగులు గాడిలో అతుక్కుపోవచ్చు.

పత్తికొండ ప్రాంతపు ప్రత్యేక పరిస్థితులు

పత్తికొండ కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో ఉన్నది. 2022లో రెవెన్యూ డివిజను కేంద్రమైనది. టమాటా మార్కెట్టుకు ప్రసిద్ధి. ఈ ప్రాంతంలో వర్షపాతం తక్కువ, వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలు. పొడి వాతావరణం కారుకు ఒక రకంగా మేలు చేస్తుంది, మరొక రకంగా కీడు చేస్తుంది. కోస్తా తీరంలో వలె ఉప్పు గాలి లేనందున ఇక్కడ కార్ల బాడీకి తుప్పు తక్కువ. బయట రంగు నిగనిగలాడుతూ ఉండడం చూసి ఇంజను కూడా అలాగే ఉన్నదని యజమాని భ్రమపడతాడు. కానీ అదే ఎండ వలన పెట్రోలు త్వరగా ఆవిరవుతుంది, రబ్బరు త్వరగా పెళుసుబారుతుంది. రేకుల షెడ్డులో వేడి బయటికంటె కూడా ఎక్కువగా ఉంటుంది.

రెండవది దుమ్ము. ఎర్ర నేలల, నల్లరేగడి నేలల సన్నని ధూళి గాలికి లేచి ఎయిర్ ఫిల్టరు మీద, కార్బొరేటరు లింకుల మీద పేరుకొంటుంది. నూనె జిడ్డుతో కలిసి గట్టిపడిన దుమ్ము వలన థ్రాటిల్ రెక్క పూర్తిగా వెనుకకు రాకుండా నిలిచిపోతుంది.

మూడవది ప్రాణులు. వేరుశనగ కాయలు, ధాన్యం నిల్వ ఉంచే చోట ఎలుకలు తప్పవు. అవి ప్లగ్గు వైర్లను, వాక్యూమ్ గొట్టాలను కొరుకుతాయి, ఎయిర్ ఫిల్టరు డబ్బాలో గూడు కడతాయి. ఉడుతలు పీచు తెచ్చి పేరుస్తాయి. మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు ట్యాంకు గాలి గొట్టాన్ని, సైలెన్సరు మూతిని మూసివేయగలవు. ట్యాంకులోకి గాలి రాకపోతే కారు కొంతసేపు బాగా నడిచి, తరువాత పెట్రోలు అందక ఆగిపోతుంది. మూత తీసి మళ్ళీ పెడితే తిరిగి నడుస్తుంది.

స్టార్టు చేయడానికి ముందు

నిలిచి ఉన్న కారుకు కొత్త బ్యాటరీ తగిలించి వెంటనే సెల్ఫ్ కొట్టడం పెద్ద పొరపాటు. ఎండిపోయిన సిలిండరు గోడల మీద తుప్పు పట్టిన రింగులు గీరుకొంటాయి. ఈ కింది పనులు ముందుగా చేయాలి.

1. బానెట్ ఎత్తి ఎలుకల గూళ్ళు, కొరికిన వైర్లు ఉన్నాయేమో చూడాలి. ఎయిర్ ఫిల్టరు విప్పి లోపల శుభ్రం చేయాలి.
2. ఇంజను ఆయిలు మార్చాలి. రేడియేటరులో నీరు, గొట్టాలు పరిశీలించాలి.
3. ట్యాంకులోని పాత పెట్రోలు పూర్తిగా తీసివేసి కొత్త పెట్రోలు పోయాలి. పాత పెట్రోలును నేల మీద గాని, బోరుబావికి దగ్గరగా గాని పారబోయరాదు. భూగర్భ జలమే ఆధారమైన ప్రాంతాలలో ఇది తీరని హాని చేస్తుంది.
4. ప్లగ్గులు విప్పి ఒక్కొక్క సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు వేసి కొన్ని గంటలు వదలాలి. తరువాత ఇంజనును చేతితో నెమ్మదిగా తిప్పి చూడాలి. బిగుసుకొని ఉంటే బలవంతం చేయరాదు.
5. ప్లగ్గులు బిగించకుండా కొద్ది సెకన్లు సెల్ఫ్ తిప్పి ఆయిలు పైభాగానికి చేరనివ్వాలి. ఇగ్నిషన్ కాయిల్ వైరు ముందే తీసివేయాలి.
6. పెట్రోలు గొట్టాలు ఎక్కడైనా కారుతున్నాయేమో చూడాలి. కారుతుంటే స్టార్టు చేయరాదు.

జాగ్రత్తలు

మూసి ఉన్న షెడ్డులో ఇంజను నడపడం ప్రాణాపాయం. ఐడ్లింగ్ సరిగా లేని ఇంజను నుండి కార్బన్ మోనాక్సైడు ఎక్కువగా వెలువడుతుంది. ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. ఇది రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గాఢంగా కలుస్తుంది. తలనొప్పి, మగత మొదలయ్యే సరికి మనిషి లేచి నడిచే స్థితిలో ఉండకపోవచ్చు. కారును ఆరుబయటకు తోసిన తరువాతనే స్టార్టు చేయాలి. చల్లని ఇంజను త్వరగా అంటుకోవాలని కార్బొరేటరు నోటిలో చేతితో పెట్రోలు పోసే అలవాటు కొందరికి ఉన్నది. మంట వెనుకకు తన్నితే చేయి, ముఖం కాలుతాయి. ఇంజను బాగుపడినంత మాత్రాన కారును రోడ్డు ఎక్కించరాదు. బ్రేకులు, టైర్లు విడిగా పరీక్షించాలి.

నిర్ధారణ క్రమం

ఖర్చు తక్కువైన పరీక్ష ముందు, ఎక్కువైనది తరువాత అన్నది ఇక్కడ మూల సూత్రం. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. ప్లగ్గులు, పాయింట్లు, కార్బొరేటరు అన్నీ ఒకేసారి మార్చితే లోపం పోవచ్చును గాని, ఏది కారణమో తెలియదు. లోపం పోకపోతే కొత్తగా వేసిన వస్తువు మీద కూడా అనుమానం తప్పదు.

మొదటి మెట్టు - వినడం, చూడడం: ఇంజను వేడెక్కే వరకు ఆగాలి. సైలెన్సరు వద్ద చేయి కొంచెం దూరంగా ఉంచి లయ గమనించాలి. లయ తప్పడం క్రమబద్ధంగా, అనగా ఒకే వ్యవధిలో మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఒక సిలిండరు పని చేయడం లేదని భావించవచ్చు. ఒకసారి పెరుగుతూ, ఒకసారి తగ్గుతూ క్రమం లేకుండా ఉంటే పెట్రోలు, గాలి మిశ్రమంలో లోపం ఉండే అవకాశం ఎక్కువ. మారుతి 800 వంటి మూడు సిలిండర్ల ఇంజను ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా కొంత వణుకుతుందని గుర్తుంచుకోవాలి.

రెండవ మెట్టు - చోక్ పరీక్ష: వేడెక్కిన ఇంజనుకు చోక్ కొద్దిగా లాగి చూడాలి. చోక్ లాగితే నిలకడ వస్తే మిశ్రమం పలుచగా ఉన్నదని అర్థం. అనగా పెట్రోలు తక్కువ వస్తున్నది, లేదా గాలి అదనంగా చొరబడుతున్నది. చోక్ లాగితే ఇంకా చెడి, నల్లని పొగ వస్తే మిశ్రమం చిక్కగా ఉన్నది. ఏ మార్పూ లేకపోతే నిప్పురవ్వ మీద గాని, సిలిండరు ఒత్తిడి మీద గాని దృష్టి పెట్టాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష వెదకవలసిన చోటును సగానికి తగ్గిస్తుంది.

మూడవ మెట్టు - ఏ సిలిండరు?: పాయింట్లు గల పాత ఇంజన్లలో ప్లగ్గు వైరును ఒక్కొక్కటిగా తీసి చూడాలి. పని చేస్తున్న సిలిండరు వైరు తీస్తే వేగం పడిపోతుంది. ఏ వైరు తీసినప్పుడు మార్పు ఉండదో ఆ సిలిండరులో లోపం ఉన్నది. దీనికి రబ్బరు పిడి గల పట్టకారు వాడాలి, తీసిన వైరు కొసను ఇంజను లోహానికి తాకించి ఉంచాలి. గుండె జబ్బు కొరకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు ఈ పని చేయరాదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ గల కార్లలో నడుస్తున్న ఇంజను నుండి వైరు లాగరాదు. ఇంజను ఆపి వైరు తీసి, ఎర్త్ చేసి, తరువాత స్టార్టు చేసి చూడాలి.

నాలుగవ మెట్టు - నిప్పురవ్వ: లోపం గల సిలిండరు ప్లగ్గును పక్క సిలిండరుకు మార్చాలి. లోపం కూడా పక్కకు మారితే ప్లగ్గుదే తప్పు. మారకపోతే వైరు, డిస్ట్రిబ్యూటరు క్యాపు చూడాలి. క్యాపులో సన్నని పగులు ఉంటే నిప్పురవ్వ దారి తప్పుతుంది. చీకటిలో చూస్తే వైర్ల చుట్టూ నీలి మెరుపు కనిపిస్తుంది. వైర్లు విప్పి తిరిగి పెట్టేటప్పుడు మండే క్రమం తప్పరాదు. అంబాసిడర్, పద్మిని ఇంజన్లకు ఇది 1-3-4-2, మారుతి 800కు 1-3-2. అన్ని సిలిండర్లూ సమంగా తప్పుతుంటే పాయింట్లు, కండెన్సరు చూడాలి. పాయింట్ల ముఖాలను సన్నని ఎమెరీ కాగితంతో తేలికగా రుద్ది, శుభ్రమైన అట్టముక్కతో తుడవాలి. అంబాసిడర్ 1489 ఇంజనుకు పాయింట్ల ఎడం సుమారు 0.4 మిల్లీమీటరు ఉండాలి. ఇతర కార్లకు తయారీదారు పుస్తకం చూడాలి.

ఐదవ మెట్టు - గాలి చొరబాటు: కార్బొరేటరు అడుగున, మానిఫోల్డ్ అతుకుల వద్ద, గొట్టాల కొసల వద్ద సబ్బు నీటిని కొద్దికొద్దిగా చిలకరించాలి. ఏదో ఒక చోట చిలకరించగానే ఇంజను ధ్వని మారితే గాలి అక్కడ చొరబడుతున్నది. ఇందుకు పెట్రోలు చిలకరించడం నిప్పుతో చెలగాటమే. బ్రేకు బూస్టరు ఉంటే దాని గొట్టాన్ని క్షణకాలం నొక్కి పట్టి చూడాలి. వాక్యూమ్ గేజి దొరికితే పని సులువు. ఆరోగ్యమైన ఇంజను వద్ద ముల్లు 17 నుండి 21 అంగుళాల పాదరసం మధ్య కదలకుండా నిలుస్తుంది. సముద్ర మట్టం నుండి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ముల్లు తక్కువ వద్ద స్థిరంగా ఉంటే గాలి చొరబాటును గాని, టైమింగు వెనుకబడడాన్ని గాని, క్రమంగా కొట్టుకొంటుంటే వాల్వు లోపాన్ని గాని సూచిస్తుంది.

ఆరవ మెట్టు - పెట్రోలు సరఫరా, కార్బొరేటరు: గ్లాసు గిన్నె, ఫిల్టరు శుభ్రం చేసి, మెకానిక్కులు ఏసీ పంపు అని పిలిచే యాంత్రిక పంపు నుండి పెట్రోలు ధారగా వస్తున్నదో లేదో చూడాలి. తరువాత కార్బొరేటరు విప్పాలి. యాక్సిలరేటర్ తొక్కితే బాగా తిరిగి, వదలగానే ఆగిపోయే ఇంజనులో ఐడిల్ జెట్టు పూడి ఉండే అవకాశం చాలా ఎక్కువ. జెట్టును కార్బొరేటర్ క్లీనరులో నానబెట్టి గాలి కొట్టి శుభ్రం చేయాలి. ఇనుప తీగతో పొడిస్తే ఇత్తడి రంధ్రం పెద్దదై, ఆ తరువాత ఎన్నడూ సరైన కొలతలో పెట్రోలు రాదు. నీడిల్ వాల్వు బిగుసుకొని ఉంటే గిన్నె పొంగి మిశ్రమం చిక్కబడుతుంది. అమర్చిన తరువాత ఇంజను వేడిగా ఉండగా మిశ్రమం స్క్రూను లోపలికి తిప్పుతూ ఇంజను తడబడే చోటు, బయటికి తిప్పుతూ తడబడే చోటు గుర్తించి, రెండింటి మధ్య నిలకడైన చోట ఉంచాలి.

20 శాతం ఇథనాలు గల పెట్రోలు వాడేటప్పుడు ఒక విషయం గమనించాలి. ఒక కిలో శుద్ధ పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం మిశ్రమానికి సుమారు 13.5 కిలోలు చాలు. పాత కార్బొరేటరు ఈ తేడాను తనంతట తాను గుర్తించలేదు. కనుక ఎప్పుడో పాత పెట్రోలుకు సరిచేసి ఉంచిన ఇంజను నేటి పెట్రోలుతో పలుచని మిశ్రమం మీద నడుస్తుంది. అన్నీ శుభ్రంగా ఉన్నా ఐడ్లింగ్ కొంచెం తడబడడానికి ఇది ఒక కారణం. మిశ్రమం స్క్రూను కొద్దిగా సరిచేయడం వలన ఇది చాలా వరకు తగ్గుతుంది.

ఏడవ మెట్టు - టైమింగు, వాల్వులు, కంప్రెషన్: పై పరీక్షలన్నీ ముగిసిన తరువాతనే ఇంజను లోపలి భాగాలను అనుమానించాలి. ముందు ట్యాపెట్ల ఎడం చూడాలి. తరువాత ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ గేజితో ఒక్కొక్క సిలిండరు ఒత్తిడి కొలవాలి. అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉండడం ముఖ్యం. ఒక సిలిండరులో తక్కువగా ఉంటే చెంచాడు ఆయిలు వేసి మళ్ళీ కొలవాలి. ఒత్తిడి పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు కారణం. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో తక్కువగా ఉంటే వాటి మధ్య హెడ్డు గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు.

ఇక్కడ కూడా తొందర పనికిరాదు. నిల్వ వలన అతుక్కొన్న రింగులు, జిగురు పట్టిన వాల్వులు ఇంజను కొన్నిసార్లు పూర్తిగా వేడెక్కి చల్లబడిన తరువాత వాటంతట అవే విడివడవచ్చు. మొదటి రోజు చూపిన కంప్రెషన్ తుది తీర్పు కాదు. ఆయిలు మార్చి, కొద్దికొద్దిగా నడిపి, మళ్ళీ కొలిచిన తరువాతనే హెడ్డు విప్పాలా వద్దా అనేది నిర్ణయించాలి.

ఉదాహరణ

పత్తికొండలో రేకుల షెడ్డులో మూడేళ్ళు నిలిచిన ఒక అంబాసిడర్‌ను ఊహించుకొందాము. స్టార్టు అయింది గాని, చోక్ లోపలికి నెట్టగానే ఆగిపోతున్నది. రోడ్డు మీద వేగంలో బాగానే ఉన్నది. చూసినవారు 'ఇంజనుకు బోరు చేయించాలి' అన్నారనుకొందాము. పై క్రమం ప్రకారం ఆలోచిస్తే, వేగంలో నాలుగు సిలిండర్లూ సక్రమంగా శక్తిని ఇస్తున్నాయి కనుక రింగులు, వాల్వులు ప్రధాన కారణం కాకపోవచ్చు. చోక్‌తో నిలకడ వస్తున్నది కనుక మిశ్రమం పలుచగా ఉన్నది. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటి తీసినప్పుడు నాలుగింటికీ వేగం సమంగా పడిపోయింది కనుక లోపం ఏ ఒక్క సిలిండరుదీ కాదు. సబ్బు నీటికి ధ్వని మారలేదు కనుక గాలి చొరబాటు లేదు. ఇక మిగిలినది ఐడిల్ జెట్టు. దానిని శుభ్రం చేయడానికి పట్టేది ఒక పూట. బోరు చేయించడానికి ఇంజనును దించి, పట్టణానికి పంపి, వేల రూపాయలు వెచ్చించాలి. అంత చేసినా జెట్టు పూడిపోయి ఉన్నంత వరకు కారు అలాగే ఆగిపోతుంది.

లక్షణాలు - కారణాలు

- యాక్సిలరేటర్ వదలగానే ఆగిపోవడం, చోక్‌తో నిలవడం: ఐడిల్ జెట్టు పూడిక, గాలి చొరబాటు
- క్రమబద్ధంగా ఒకే లయలో మిస్ కొట్టడం: ప్లగ్గు, ప్లగ్గు వైరు, క్యాపు, వాల్వు
- నల్లని పొగ, పెట్రోలు వాసన: చోక్ బిగుసుకోవడం, నీడిల్ వాల్వు, ఫ్లోటు, ఎయిర్ ఫిల్టరు పూడిక
- నీలి పొగ: ఆయిలు మండడం. సిలిండర్లలో వేసిన ఆయిలు వలన మొదట కొద్దిసేపు రావడం సహజం
- తెల్లని పొగ ఆగకుండా రావడం, రేడియేటరు నీరు తగ్గడం: హెడ్డు గ్యాస్కెట్
- కొంత దూరం నడిచి ఆగిపోవడం: ట్యాంకు గాలి గొట్టం మూసుకోవడం, ట్యాంకులో మడ్డి
- బ్రేకు తొక్కినప్పుడు ఐడ్లింగ్ మారడం: బూస్టరు పొర లేదా గొట్టం

ఇంజెక్షన్ కార్లు, డీజిలు ఇంజన్లు

ఇంజెక్షన్ పద్ధతి గల కార్లలో ఐడ్లింగ్ గాలిని నియంత్రించే వాల్వు, థ్రాటిల్ భాగం మడ్డి పట్టడం, ఇంజెక్టర్లు పూడిపోవడం, పెట్రోలు పంపు బిగుసుకోవడం ముఖ్య కారణాలు. బ్యాటరీ చాలా కాలం తీసి ఉంచితే కంప్యూటరు తాను నేర్చుకొన్న ఐడ్లింగ్ విలువలను మరచిపోవచ్చు. కొంత దూరం నడిపిన తరువాత అది తిరిగి సర్దుకొంటుంది. డ్యాష్‌బోర్డులో ఇంజను దీపం వెలుగుతుంటే స్కానరుతో చూడాలి.

డీజిలు జీపులలో ప్లగ్గులు, పాయింట్లు ఉండవు. నిల్వ తరువాత ఐడ్లింగ్ చెడడానికి డీజిలు గొట్టాలలో గాలి చేరడం తరచుగా కనిపించే కారణం. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపుతో బుడగలు పోయే వరకు డీజిలు పంపాలి. నీరు చేరిన డీజిలులో సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు ఏర్పడుతుంది. అట్టి ట్యాంకును పూర్తిగా కడగవలసిందే.

చట్టపరమైన అంశాలు

ఐడ్లింగ్ కేవలం సౌకర్యానికి సంబంధించినది కాదు. పెట్రోలు కార్ల కాలుష్య పరీక్ష ఐడ్లింగ్‌లోనే జరుగుతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం భారత్ స్టేజ్-2కు పూర్వపు నాలుగు చక్రాల పెట్రోలు వాహనాలలో కార్బన్ మోనాక్సైడు 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం మించరాదు. స్టేజ్-2, స్టేజ్-3 వాహనాలకు ఈ పరిమితులు 0.5 శాతం, 750 పీపీఎం. మిస్ కొట్టే సిలిండరు నుండి మండని పెట్రోలు అలాగే బయటకు వస్తుంది కనుక అట్టి కారు ఈ పరీక్షలో నెగ్గడం కష్టం. సొంత వాడకపు కార్ల రిజిస్ట్రేషను 15 సంవత్సరాల వరకు చెల్లుతుంది. తరువాత తనిఖీ చేయించి ఐదేళ్ళకు ఒకసారి పొడిగించుకోవాలి. కర్నూలు జిల్లాలో ఏపీ 21 సంఖ్యతో రిజిస్టరయిన కార్లు 2019కి పూర్వపువి. ఆ సంవత్సరం రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే సంఖ్య వచ్చింది. షెడ్డులో నిలిచి ఉన్న కాలంలో రిజిస్ట్రేషను, బీమా గడువు తీరి ఉంటే వాటిని సరిచేయకుండా రోడ్డు ఎక్కించరాదు.

నివారణ

- వీలైతే రెండు వారాలకు ఒకసారి కారును ఇరవై నిమిషాలైనా రోడ్డు మీద నడపాలి. నిలిపిన చోటనే ఐదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచడం వలన మేలు కంటె కీడే ఎక్కువ. ఇంజను పూర్తిగా వేడెక్కక, తేమ ఆయిలులోనే మిగిలిపోతుంది.
- చాలా నెలలు నిలపవలసి వస్తే ట్యాంకును ఖాళీ చేసి, కార్బొరేటరు గిన్నె ఎండే వరకు ఇంజను నడిపి ఆపాలి.
- బ్యాటరీ విప్పి ఇంటిలో ఉంచి నెలకు ఒకసారి చార్జి చేయాలి. పూర్తి చార్జి గల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది.
- నిలిపే ముందు ఆయిలు మార్చాలి. పాత ఆయిలులోని ఆమ్లాలు బేరింగులను తింటాయి.
- సైలెన్సరు మూతి, ఎయిర్ ఫిల్టరు నోరు గుడ్డతో మూసి, ఆ విషయం రాసిన అట్టను స్టీరింగుకు కట్టాలి. లేకపోతే తీయడం మరచిపోయే ప్రమాదం ఉన్నది.
- చక్రాల కింద చెక్క మొద్దులు పెట్టి, చేతి బ్రేకు వదిలి ఉంచాలి. లాగి ఉంచిన బ్రేకు డ్రమ్ముకు అతుక్కుపోతుంది.
- ధాన్యం, వేరుశనగ నిల్వలకు కారును దూరంగా ఉంచాలి.